తిరుగు దారి లేని కరెంటు



ఈసారి మన గోడ పత్రికకు నేను సైన్సు వ్యాసం రాస్తున్నాను. మా మామ సొంతంగా తయారు చేసుకున్న బండిలో కరెంటు లోపం వచ్చింది. దాన్ని ఎలా కనిపెట్టారో, అందులో మన పాఠం ఎక్కడ ఉందో చెప్తాను. విద్యుత్తు పాఠం మనకు పదో తరగతిలో వస్తుంది. ముందే తెలుసుకుంటే నష్టం లేదు గదా.

1. బండి సంగతి

మా ఊరు కొండ మీద ఉంది. తారు రోడ్డుకు నాలుగు కిలోమీటర్లు మట్టి బాట. 108 బండి వచ్చినా కింద తారు రోడ్డు దగ్గరే ఆగిపోతుంది. మామ పాత జీపు ఛాసిస్ ఒకటి, వేరే బండి డీజిల్ ఇంజను ఒకటి పాత సామాన్ల కొట్టులో కొన్నాడు. ఇనప గొట్టాలు వెల్డింగ్ చేయించి పైన బాడీ కట్టించాడు. రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి దాన్ని తారు రోడ్డు ఎక్కించడు. కాఫీ పళ్ళు, పసుపు, రాజ్మా చేల నుంచి ఊర్లోకి తెస్తాడు. జబ్బు చేసినవాళ్ళను, నెలలు నిండిన ఆడవాళ్ళను బాట చివరిదాకా దింపుతాడు. బండి కదలకపోతే మళ్ళీ డోలీ కట్టి మొయ్యాల్సిందే.

2. లోపం ఏమిటి?

చలికాలంలో సెల్ఫు కొడితే ఇంజను బరువుగా ఒక చుట్టు తిరిగి ఆగిపోయేది. తర్వాత టక్కుమని శబ్దం తప్ప ఏమీ లేదు. నలుగురు తోస్తే పల్లంలో స్టార్టయ్యేది. కాని దీపాలు బాగా వెలిగేవి. హారను బాగా మోగేది.

"ఏటే అమ్మీ, దీపాలు ఎలుగుతున్నాయి గదా, సెల్ఫు ఎందుకు తిరగదు?" అని మామ నన్నే అడిగాడు.

బజారులో అడిగితే బ్యాటరీ పోయింది, మార్చమన్నారు. అంతకు ముందు ఏడాదే ఒక బ్యాటరీ మార్చాడు. మళ్ళీ అంటే అయిదారు వేలు. ఆ డబ్బు కోసం కాఫీ పంట మీద షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకుందామనుకున్నాడు. అడ్వాన్సు తీసుకుంటే పంట ఆయన చెప్పిన ధరకే ఇవ్వాలి. ఇది మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిన సంగతే.

సంక్రాంతి సెలవులకు మా పెద్దమ్మ కొడుకు వచ్చాడు. ఆ అన్న ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ చదివాడు. "కొలవకుండా ఏదీ కొనొద్దు మామా" అని మీటరు తీశాడు. అంకెలు రాసే పని నాకు ఇచ్చాడు.

3. ముందు పాఠం

కరెంటు బ్యాటరీ ప్లస్ నుంచి బయలుదేరి, పని చేసి, మళ్ళీ బ్యాటరీ మైనస్‌కు చేరాలి. దీన్నే వలయం అంటారు. ఇంట్లో బల్బుకు రెండు తీగలు ఉంటాయి. బండిలో చాలా వాటికి ఒక్క తీగే ఉంటుంది. మరి తిరిగి ఎలా వస్తుంది? బ్యాటరీ మైనస్‌ను బండి ఇనుముకు బిగిస్తారు. ఆ ఇనుమే రెండో తీగ. మెకానిక్కులు దాన్ని బాడీ ఎర్తు అంటారు.

కంపెనీ బండికి వైరింగ్ బొమ్మ ఉంటుంది, తీగలకు రంగుల లెక్క ఉంటుంది. ఇంట్లో కట్టిన బండికి అవి ఉండవు. దొరికిన తీగ దొరికిన చోట వేసి ఉంటుంది. అందుకని అన్న మొదట బొమ్మ గీయించాడు. ఏ తీగ ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో చేత్తో పట్టుకొని చూసి గీశాము. సగం జవాబు ఆ బొమ్మలోనే ఉందని తర్వాత తెలిసింది.

4. పరీక్షలు

మొదట గేరు న్యూట్రల్‌లో పెట్టి, చక్రాలకు రాళ్ళు వేశారు.

(అ) ఏమీ వెయ్యకుండా బ్యాటరీ కొలిస్తే 12.5 వోల్టులు. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వరకు చూపిస్తుంది. కాబట్టి బ్యాటరీలో సరుకు ఉంది.

(ఆ) టెస్ట్ ల్యాంపు పెట్టి చూశారు. అది 5 వాట్ల చిన్న బల్బు. ఇంజను ఇనుముకు ఒక కొస తగిలించినా బాగానే వెలిగింది. దీన్ని చూసి అంతా బాగుందని అనుకోకూడదు. ఎందుకో కింద చెప్తాను.

(ఇ) మామ సెల్ఫు తాళం తిప్పి పట్టుకుంటే అన్న ఒక్కొక్క చోట కొలిచాడు. నేను రాసినవి ఇవి:

బ్యాటరీ రెండు కొసల మధ్య: 11.4 వోల్టులు
బ్యాటరీ ప్లస్ నుంచి సెల్ఫు బోల్టు వరకు: 0.4
సెల్ఫు బోల్టు నుంచి సెల్ఫు ఒంటి వరకు: 5.0
సెల్ఫు ఒంటి నుంచి బ్యాటరీ మైనస్ వరకు: 6.0

కూడి చూడండి. 0.4 + 5.0 + 6.0 = 11.4. లెక్క సరిపోయింది. అంటే బ్యాటరీ ఇచ్చిన 11.4 లో సెల్ఫుకు అందింది 5 మాత్రమే. 6 వోల్టులు తిరుగు దారిలోనే పోయాయి. మంచి దారి అయితే అక్కడ అర వోల్టు కన్నా తక్కువ పోవాలి.

(ఈ) అప్పుడు అన్న యాక్సిలేటరు తీగను ముట్టుకొని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అది కాలిపోతోంది. దాని పని ఇంజనుకు డీజిలు ఎక్కువ తక్కువ చెయ్యడం. దానికి కరెంటుతో పని లేదు. అయినా వేడెక్కింది.

5. కారణం

ఇంజను ఛాసిస్ మీద నేరుగా కూర్చోదు. ఊపు తగలకుండా కింద రబ్బరు దిమ్మలు ఉంటాయి. రబ్బరులో కరెంటు పోదు. కాబట్టి ఇంజను నుంచి ఛాసిస్‌కు గాని, బ్యాటరీ మైనస్‌కు గాని ఒక మందమైన ఎర్తు పట్టీ వెయ్యాలి. కంపెనీ బండిలో అది ఉంటుంది. ఇంజను వేరే బండి నుంచి ఊడదీసినప్పుడు ఆ పట్టీ పాత బండిలోనే ఉండిపోయింది. మేము గీసిన బొమ్మలో ఇంజను దగ్గర ఆ గీత లేదు.

దారి లేనప్పుడు కరెంటు దొరికిన దారిలో పోతుంది. సన్నని యాక్సిలేటరు తీగ, ఇంకా అలాంటి చిన్న చిన్న తగులుళ్ళ గుండా పోయింది. అందుకే తీగ కాలింది.

మరి దీపాలు ఎందుకు వెలిగాయి? వాటి ఎర్తు బాడీకి ఉంది, ఇంజనుకు కాదు. టెస్ట్ ల్యాంపు ఎందుకు వెలిగింది? జర్మనీ దేశపు జార్జ్ సైమన్ ఓమ్ గారు 1827లో ప్రకటించిన సూత్రం చూడండి.

పోయే వోల్టులు = కరెంటు × నిరోధం

తిరుగు దారి నిరోధం 0.06 ఓమ్ అనుకుందాం. చిన్న బల్బుకు సుమారు 0.4 ఆంపియర్లు చాలు. 0.4 × 0.06 = 0.024 వోల్టు. అది పోయినా కంటికి తెలియదు. సెల్ఫు 100 ఆంపియర్లు లాగితే 100 × 0.06 = 6 వోల్టులు పోతాయి. గెడ్డ మీద వేసిన ఒంటి వెదురు మీద మేకపిల్ల దాటుతుంది. పసుపు బస్తా మోసే మనిషి దాటగలడా? దారి బాగుందో లేదో బరువు పెట్టి చూడాలి.

ఇంకొకటి. డైనమో కూడా ఇంజనుకే బిగించి ఉంటుంది. దాని కరెంటుకూ అదే చెడ్డ దారి. ఇంజను నడుస్తుంటే బ్యాటరీ దగ్గర సుమారు 14 వోల్టులు రావాలి. దీపాలు వేసి కొలిస్తే 12.8 మాత్రమే వచ్చింది. అంటే బ్యాటరీ ఎప్పుడూ కడుపు నిండా తినడం లేదు. కొత్త బ్యాటరీ వేసినా అదే గతి పట్టేది.

6. వైద్యం

మందమైన బ్యాటరీ కేబులు ఒక మీటరు కొన్నారు. రెండు కొసలకు లగ్గులు వేయించి, బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజనుకు బిగించారు. బిగించే చోట రంగు, తుప్పు ఉప్పు కాగితంతో గీకి మెరిసే ఇనుము చూపించాలి, ఎందుకంటే రంగులో కూడా కరెంటు పోదు. బిగించాక పైన గ్రీజు రాశారు. బ్యాటరీ కొసల మీద ఉన్న చిలుము కూడా కడిగారు. మొత్తం ఖర్చు వెయ్యి రూపాయలు దాటలేదు.

మళ్ళీ కొలిచాము. బ్యాటరీ 10.8, ప్లస్ దారి 0.6, సెల్ఫు 10.0, తిరుగు దారి 0.2. ఇంజను ఒక్క దెబ్బకు అందుకుంది. బ్యాటరీ 11.4 నుంచి 10.8కి తగ్గిందేమని నేను అడిగాను. సెల్ఫు ఇప్పుడు కావలసినంత కరెంటు లాగుతోంది, అందుకని తగ్గింది, అది మంచిదే అని అన్న చెప్పాడు.

షావుకారు దగ్గరకు పోయే పని తప్పింది. మామకు చదువు రాదు. అయినా నా నోటుబుక్కులోని కూడిక నాతో రెండుసార్లు చెప్పించుకున్నాడు. పక్క ఊరి వాళ్ళకు ఇప్పుడు ఆయనే చెప్తున్నాడు.

7. జాగ్రత్తలు

బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ తీగ ముందు తియ్యాలి, బిగించేటప్పుడు చివర పెట్టాలి. లోహపు గాజులు, ఉంగరాలు తీసెయ్యాలి. బ్యాటరీ నుంచి మండే వాయువు వస్తుంది, దగ్గర బీడీ గాని దీపం గాని ఉండకూడదు. అందులో ఆమ్లం ఉంటుంది, కంట్లో పడితే చాలాసేపు నీళ్ళతో కడిగి డాక్టరు దగ్గరకు పోవాలి. హాస్టలు గోడ ప్లగ్గులో ఉన్నది 230 వోల్టులు, ప్రాణం తీస్తుంది. దాని జోలికి ఎవరూ పోవద్దు.

నేను నేర్చుకున్నది ఇది. ఏదైనా పని చెయ్యకపోతే కరెంటు వచ్చే దారి ఒక్కటే చూడకూడదు, తిరిగి పోయే దారి కూడా చూడాలి. సామాను మార్చే ముందు కొలవాలి, కొలిచింది రాయాలి, రాసింది కూడాలి.

ప్రశ్నలు

1. తిరుగు దారి నిరోధం 0.02 ఓమ్, కరెంటు 150 ఆంపియర్లు అయితే ఎన్ని వోల్టులు పోతాయి?
2. ఎడమ దీపం మసకగా, కుడి దీపం బాగా వెలుగుతుంటే ముందు ఎక్కడ కొలుస్తారు?
3. రంగు గీకకుండా ఎర్తు బిగిస్తే ఏమవుతుంది?

జవాబులు రాసి శనివారం లోపల నాకు ఇవ్వండి. సరైనవి వచ్చే పత్రికలో పేర్లతో రాస్తాను.

ఇట్లు
మీ స్నేహితురాలు,
9వ తరగతి విద్యార్థిని