నెలనొప్పి: ఓర్చుకోవలసిందేనా?

"ఆడపుట్టుక పుట్టాక ఓర్చుకోవాలి" అనే మాట వినకుండా పెరిగిన అమ్మాయి మన ఇళ్ళలో ఉండదు. ఓర్పు మంచి గుణమే, కాదనను. కాని ఏ బాధను ఓర్చుకోవచ్చు, ఏ బాధను డాక్టరుకు చెప్పాలి అనే వివేకం లేని ఓర్పు మనిషిని మంచాన పడేస్తుంది. అందుకే యూనియన్ వారు సావనీరుకు ఒక శాస్త్ర వ్యాసం ఇమ్మన్నప్పుడు, అణువులనూ గ్రహాలనూ పక్కనపెట్టి ఈ విషయం ఎంచుకున్నాను.

నేను జంతుశాస్త్రం చెప్పే దాన్ని, వైద్యురాలిని కాను. 2018 సెప్టెంబరులో ఎల్.బి.నగర్ దాకా మెట్రో వచ్చింది మొదలు అందులోనే కళాశాలకు వస్తున్నాను. చైతన్యపురిలో, దిల్‌సుఖ్‌నగర్‌లో మన పిల్లలు గుంపులుగా ఎక్కుతారు. చాలామంది నల్గొండ, సూర్యాపేట వైపు నుంచి వచ్చి అక్కడి లేడీస్ హాస్టళ్ళలో ఉంటున్నవాళ్ళు. వారిలో కొందరు నెలకు రెండు మూడు రోజులు కనబడరు. "ఏమమ్మా, రాలేదేం?" అంటే "కడుపులో నొస్తుంది మేడమ్" అని తల వంచుకుంటారు. ఆ వంచిన తలల్లో కొన్నింటి వెనుక ఉన్న జబ్బు పేరు ఎండోమెట్రియోసిస్.

జబ్బు ఏమిటి?

గర్భాశయం లోపల ఒక మెత్తటి పొర ఉంటుంది. హార్మోనుల ఆజ్ఞ ప్రకారం అది నెలనెలా పెరుగుతుంది. గర్భం రాకపోతే ఊడి రక్తంతో బయటకు పోతుంది. అదే బహిష్టు. ఆ పొరను పోలిన కణజాలం గర్భాశయానికి వెలుపల, అంటే అండాశయాల మీద, పొత్తికడుపు లోపలి పొర మీద, పేగుల మీద, మూత్రాశయం మీద పెరగడమే ఎండోమెట్రియోసిస్. అమెరికా వైద్యుడు జాన్ శాంప్సన్ 1927లో దీనికొక కారణం చెప్పాడు: బహిష్టు రక్తం కొంత నాళాల గుండా వెనక్కి పొట్టలోకి పోయి, అందులోని కణాలు అక్కడ నాటుకుంటాయని. కాని అలా వెనక్కి పోవడం చాలామంది స్త్రీలలో జరిగేదే. జబ్బు మాత్రం కొందరికే వస్తుంది. కాబట్టి వంశపారంపర్యం, రోగనిరోధక వ్యవస్థ కూడా ఇందులో పాలుపంచుకుంటాయని నేడు భావిస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సంతానయోగ్య వయసులో ఉన్న స్త్రీలలో నూటికి సుమారు 10 మందికి, అంటే 19 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది.

మరి నొప్పి ఎక్కడిది? దీనిలో మూడు పోగులున్నాయి. మొదటిది వాపు. ఆ కణజాలం దగ్గర ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు ఎక్కువగా తయారై గర్భాశయాన్ని మెలిపెడతాయి, నరాలను రెచ్చగొడతాయి. ఆస్పిరిన్ వంటి మందులు ఈ రసాయనాల తయారీనే ఆపుతాయని జాన్ వేన్ 1971లో చూపాడు. 1982 నోబెల్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో ఆయన ఒకడు. రెండవది కండరాలు. నొప్పికి భయపడి పొత్తికడుపు, నడుము కండరాలు బిగుసుకుంటాయి. బిగుసుకున్న కండరం మళ్ళీ నొప్పి పుట్టిస్తుంది. మూడవది నాడీమండలం. ఏళ్ళ తరబడి నొప్పి వింటూ వింటూ అది చిన్న స్పర్శను కూడా పెద్ద నొప్పిగా చెప్పడం నేర్చుకుంటుంది. అందుకే లోపల జబ్బు కొంచెమే ఉన్నా కొందరికి భరించరాని నొప్పి, ఎంతో ఉన్నా కొందరికి అసలు నొప్పే ఉండదు.

ఈ మూడు పోగుల సంగతి గుర్తుంచుకుంటే "సహజ పద్ధతుల" బలమెంతో, హద్దెంతో తేలికగా బోధపడుతుంది. అవి ముఖ్యంగా రెండో పోగునూ మూడో పోగునూ సడలిస్తాయి. మొలిచిన కణజాలాన్ని కరిగించే కషాయం గాని, ఆసనం గాని, పథ్యం గాని ఇంతవరకు రుజువు కాలేదు. నొప్పి తగ్గడం వేరు, జబ్బు తగ్గడం వేరు.

వేడి, నడక, ఊపిరి

మన అమ్మమ్మలు చెప్పిన కాపడం ఉత్త మాట కాదు. 2001లో ప్రచురించిన ఒక ప్రయోగంలో పొత్తికడుపు మీద సుమారు 39 డిగ్రీల వేడి నిలకడగా ఉంచితే ఐబుప్రొఫెన్ మాత్రతో సమానంగా ఉపశమనం కలిగింది. అది మామూలు నెలనొప్పి మీద చేసిన ప్రయోగమనే మాట మరచిపోకూడదు. అయినా బిగిసిన కండరాన్ని వదులు చేయడం రెండు చోట్లా ఒకటే పని. హాస్టల్లో వేడినీళ్ళ సంచి లేకపోతే వేడినీటిలో ముంచి పిండిన తువ్వాలు చాలు. ఒక్క జాగ్రత్త: వేడి ఎక్కువైతే మంచిదనుకుని సలసల కాగే నీళ్ళు పోయకండి. సంచిని గుడ్డలో చుట్టాలి, దాన్ని పెట్టుకుని నిద్రపోకూడదు. ఏళ్ళ తరబడి అతివేడి పెట్టుకున్నవారి చర్మం మీద వలలాంటి గోధుమరంగు మచ్చలు పడతాయి.

ఇక వ్యాయామం. నొప్పి రోజున పరుగెత్తమని ఎవరూ అనరు. నొప్పి లేని రోజుల్లో వారానికి మూడుసార్లు ముప్పావుగంటకు తగ్గకుండా ఒళ్ళు కదిలించినవారిలో మామూలు నెలనొప్పి తగ్గినట్టు అధ్యయనాలున్నాయి. దీనికి రూపాయి ఖర్చు లేదు. సరూర్‌నగర్ చెరువు పక్కన నడిస్తే చాలు. ఎండోమెట్రియోసిస్ ఉన్నవారితోనే బ్రెజిల్‌లో 8 వారాలు యోగా చేయించి చూస్తే, చేసినవారిలో రోజువారీ నొప్పి తగ్గింది. ఆ ఫలితం 2017లో వెలువడింది. పాల్గొన్నవారు కొద్దిమందే గనుక దాన్ని వేదవాక్కు అనను. కాని పొట్ట నిండా నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం కటి కండరాలను వదులు చేస్తుంది, నష్టం లేదు.

తిండి సంగతి

ఇక్కడే అసలు గందరగోళం. "పసుపు మింగు, అల్లం మింగు, ఆముదం పట్టు వెయ్యి" అని తలా ఒక మాట చెబుతారు. అల్లం మామూలు నెలనొప్పికి కొంత పనిచేస్తుందని చిన్న చిన్న ప్రయోగాలు చెబుతున్నాయి; టీలో దంచి వేసుకుంటే అభ్యంతరం లేదు. పసుపు గాజుగిన్నెలోని కణాల మీద చూపినంత ప్రతాపం మనిషి మీద చూపలేదు. కూరలో పసుపు వేరు, ఘాటైన పసుపు సారం గొట్టాలు వేరు. ఆ గొట్టాలతో కాలేయం దెబ్బతిన్నవారున్నారు. ఆముదం పట్టు వల్ల కలిగే సుఖం బహుశా దాని వేడిదే.

ఈ సందర్భంలో విద్యార్థులందరూ తెలుసుకోవలసిన ప్రయోగం ఒకటుంది. 2020లో వెలువడిన అమెరికా అధ్యయనంలో 12 నుంచి 25 ఏళ్ళ ఎండోమెట్రియోసిస్ రోగులకు ఆరు నెలలపాటు కొందరికి విటమిన్ డి, కొందరికి చేపనూనె, కొందరికి మందేమీ లేని ఉత్త మాత్ర ఇచ్చారు. విటమిన్ డి తీసుకున్నవారికి నొప్పి బాగానే తగ్గింది. కాని ఉత్త మాత్ర మింగినవారికీ దాదాపు అంతే తగ్గింది! ఆ మూడో గుంపు లేకపోతే విటమిన్ డి దివ్యౌషధమని డప్పు కొట్టేవారు. "మా వదినకు తగ్గింది" అనే సాక్ష్యం ఎందుకు చాలదో దీనివల్ల తెలుస్తుంది. నొప్పి తనంతట తానే పెరుగుతుంది, తగ్గుతుంది. ఎప్పుడు తగ్గితే అప్పుడు చేతిలో ఉన్న మందుకే పేరు వస్తుంది.

అయితే తిండిలో చేయవలసిందేమీ లేదా? ఉంది. మలబద్ధకం ఉంటే పొత్తికడుపు నొప్పి రెట్టింపవుతుంది. హాస్టల్ భోజనంలో తెల్లన్నమే ఎక్కువ, కూర తక్కువ. ఇంటి నుంచి అవిసెగింజల పొడి తెచ్చుకోండి, రోజూ ఒక పండు తినండి, నీళ్ళు తాగండి. రక్తం ఎక్కువ పోయేవారు ఆకుకూర, పప్పు, నిమ్మకాయ మరవకూడదు. రక్తహీనత పరీక్ష కూడా చేయించుకోవాలి.

నోటుబుక్కు వైద్యం

అన్నిటికంటె చవకైన సాధనం ఒక నోటుబుక్కు. తేదీ, నొప్పి సున్నా నుంచి 10 వరకు ఎంత, ఎక్కడ, ఆ రోజు ఏం మింగారు, క్లాసు పోయిందా అని మూడు నెలలు రాయండి. ఒక విద్యార్థినికి ఇలాగే చెప్పాను. ఇంట్లో "పెళ్ళయితే అదే పోతుంది" అంటున్నారట. ఒక డాక్టరు స్కానింగులో ఏమీ లేదని పంపేశారట. ఆమె పుస్తకంలో బహిష్టుకు ఐదు రోజుల ముందే నొప్పి మొదలవుతున్నట్టు, ఆ రోజుల్లో దొడ్డికి వెళ్ళేటప్పుడు కూడా పొడిచినట్టు ఉంటున్నట్టు వరుసగా మూడు నెలలు కనబడింది. దాన్ని చూసిన మరో డాక్టరు కొత్త ప్రశ్నలు వేశారు, వైద్యం మొదలైంది. ఆమె ఆ ఏడు పరీక్షలు రాసింది.

2022లో యూరప్ వైద్య నిపుణులు ఇచ్చిన మార్గదర్శకాలు ఈ రెండు మాటలకూ జవాబు చెప్పాయి. స్కానింగులో ఏమీ కనబడకపోయినంత మాత్రాన జబ్బు లేదనుకోరాదు. జబ్బుకు వైద్యంగా గర్భం ధరించమని సలహా ఇవ్వరాదు. ఇదే మాట మన తల్లిదండ్రులకు కూడా చెప్పాలి.

మాత్రతో తగ్గని నొప్పి, నెలనెలా పెరిగే నొప్పి, బహిష్టు కాని రోజుల్లో వచ్చే నొప్పి, మల మూత్ర విసర్జనలో నొప్పి ఉంటే కాపడంతో కాలక్షేపం చేయకండి. అకస్మాత్తుగా తీవ్రమైన నొప్పి, జ్వరం, స్పృహ తప్పడం ఉంటే ఆ గంటలోనే వెళ్ళాలి. ఎల్.బి.నగర్ వైపు వారికి వనస్థలిపురం ఏరియా ఆసుపత్రి, కోఠీ వైపు వారికి సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆసుపత్రి ఉన్నాయి; రెండూ సర్కారువే. నొప్పి మాత్రలు, హార్మోను మందులు, అవసరమైతే ఆపరేషన్ అన్నీ డాక్టరు చెప్పవలసినవి. మెఫెనమిక్ ఆమ్లం మాత్రల వల్ల అరుదుగా తీవ్రమైన ఎలర్జీ వస్తుందని 2023లో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది. కనుక మందుల షాపులో అడిగి పరగడుపున మింగే అలవాటు మానండి.

చివరిగా రెండు విన్నపాలు. యూనియన్ వారు లేడీస్ రూములో ఒక బల్ల, రెండు వేడినీళ్ళ సంచులు, నీళ్ళు కాచే కెటిల్ ఏర్పాటు చేస్తే ఒక పూట క్లాసయినా దక్కుతుంది. తోటి అధ్యాపకులు హాజరు తగ్గిన అమ్మాయిని మందలించే ముందు కారణం అడగాలి. జబ్బును పూర్తిగా పోగొట్టే మందు ఇంకా రాలేదు. కాని నొప్పి ఉన్నదని నమ్మడానికి ఏ మందూ అక్కరలేదు. ఆ నమ్మకం దొరికిన పిల్ల తల వంచుకోదు, సమయానికి డాక్టరు దగ్గరకు వెళుతుంది.