మైదానము నుండి వాకిటిలోనికి

మన కళాశాల వార్షిక సంచికలో క్రీడల పుటలు తిరగవేసేవారికి గడచిన రెండు సంవత్సరాలుగా ఒక విద్యార్థి తీసిన ఛాయాచిత్రాలు పరిచితాలే. హాకీ కర్ర దెబ్బకు బంతితోపాటు ఎగసిన మట్టి, పట్టు తప్పించుకొని మధ్యగీత వైపు చాచిన కబడ్డీ ఆటగాని చేయి అతడు పట్టినవే. అతని అన్నగారు పెళ్ళిళ్ళలో ఫోటోలు తీస్తారు. పెళ్ళిళ్ళు లేని రోజులలో ఆ కెమెరా తమ్ముని చేతికి వస్తుంది.

ఈ సంవత్సరం అతడు మా వద్దకు వచ్చి, "సార్, ఆటల ఫోటోలు చాలు. మా బస్తీలో బీడీలు చుట్టే ఆడవాళ్ళ మీద డాక్యుమెంటరీ చేస్తాను" అన్నాడు. మేము సంతోషించాము. వారం తిరగక ముందే రెండు వందలకు పైగా చిత్రాలు తెచ్చి మా ముందుంచాడు. ఒక్క మధ్యాహ్నంలో తీసినవట. ఒక్కటీ చెదరలేదు. తునికాకు, కత్తెర, దారం, ఒడిలో చాట, చురుకైన వేళ్ళు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. "ఈమె పేరేమి?" అని అడిగాము. తెలియదన్నాడు. "రోజుకు ఎన్ని బీడీలు చుడుతుంది?" తెలియదు. "మరి ఈమె మొగం ఎందుకు అటు తిప్పుకొన్నది?" దానికి తల వంచుకొన్నాడు.

అన్ని చిత్రాలలో ఒక్కటైనా నిలువకపోవడానికి కారణమేమిటో విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

క్రీడా ఛాయాగ్రహణం తక్కువ విద్య కాదు. కంటికి కనిపించిన తరువాత మీట నొక్కితే ఆ క్షణం అప్పటికే గతించి ఉంటుంది. కనుక ఆట తెలిసినవాడు జరగబోయేదానిని ముందే ఊహించి నొక్కుతాడు. సెకనులో వెయ్యవ వంతు కాలం తెర తెరచుకొంటే పరుగు గడ్డకట్టినట్లు నిలుస్తుంది. కొంచెం ఎక్కువసేపు తెరచి, పరుగెత్తేవాని వెంట కెమెరాను త్రిప్పితే మనిషి నిలిచి వెనుక దృశ్యం చారలు చారలుగా సాగిపోతుంది. పొడుగాటి లెన్సు దూరాన్ని దగ్గర చేస్తుంది. ఇవన్నీ మన విద్యార్థికి చక్కగా పట్టుబడినవి. అయితే మైదానంలో మరికొన్ని సౌకర్యాలు కూడా ఉన్నాయని అతడు గమనించలేదు. ఆటకు వేళ ఉన్నది, గీత ఉన్నది, ఈల ఉన్నది. ఆటగాడు పదిమంది చూడడానికే బరిలోకి దిగాడు. అతని వీపు మీద అంకె ఉన్నది, జాబితాలో పేరున్నది. అనుమతి అడగవలసిన పని లేదు. ఆట ముగియగానే ఎవరి ఇంటికి వారు పోతారు.

వాకిటిలో బీడీలు చుట్టే స్త్రీ చూపరుల కోసం కూర్చోలేదు. అక్కడ ఈల వేసేవారు లేరు, పని ముగింపు కూడా లేదు. పొడుగాటి లెన్సుతో వీధి అవతలి నుండి తీస్తే వేళ్ళు దొరుకుతాయి గాని మనిషి దొరకదు. పొట్టి లెన్సు పెడితే రెండు బారల దూరంలోకి పోవాలి. అంత దగ్గరకు పోయినవాడు "నేనెవరిని, ఎందుకు వచ్చాను" అని చెప్పక తప్పదు. మైదానంలో గుణమైన వేగం ఇక్కడ దోషమైంది.

ఈ దారిలో మన విద్యార్థికంటె ముందు నడచినవారిలో అమెరికా దేశీయుడైన యూజీన్ స్మిత్ ముఖ్యుడు. ఆయన 1918లో కాన్సాస్ రాష్ట్రంలోని విచిటా పట్టణంలో జన్మించాడు. పదునైదేళ్ళ వయసునాటికే ఆటపోటీలు, విమానాలు, దుమ్ము తుపానులు చిత్రించి స్థానిక పత్రికలకు ఇచ్చేవాడు. 1936లో తండ్రి ఆత్మహత్య చేసికొన్నాడు. ఆ వార్తను పత్రికలు వ్రాసిన తీరు చూచి ఈ వృత్తినే వదలివేయాలనుకొన్నాడు. వదలలేదు. నోటర్ డామ్ విశ్వవిద్యాలయంలో ఛాయాగ్రహణానికి వేతనం పొంది చేరి, కొద్దికాలానికే చదువు మాని న్యూయార్క్ వెళ్ళాడు. మా విద్యార్థులు ఈ ఒక్క విషయంలో ఆయనను అనుసరించరాదని మనవి! రెండవ ప్రపంచ యుద్ధాన్ని చిత్రిస్తూ 1945 మే నెలలో ఒకినావాలో ఫిరంగి గుండు ముక్కలు తగిలి తీవ్రంగా గాయపడ్డాడు. ఆ తరువాత 1946లో తీసిన మొదటి చిత్రం చెట్ల నీడ నుండి వెలుగులోకి నడిచే తన ఇద్దరు పిల్లలది.

1948లో 'లైఫ్' పత్రిక కోసం కొలరాడో కొండలలోని క్రెమ్లింగ్ గ్రామానికి వెళ్ళి, అక్కడి వైద్యుడు అర్నెస్ట్ సెరియానీ వెంట మూడు వారాలకు పైగా తిరిగాడు. మొదటి రోజులలో కెమెరాలో ఫిల్ము కూడా వేయలేదని చెపుతారు. వైద్యుడు, రోగులు తన ఉనికికి అలవాటు పడేవరకు ఉత్తుత్తి మీటలే నొక్కాడన్నమాట. అక్కడ తీసినవాటిలో ఒకటి మాకు మరపురానిది. శస్త్రచికిత్సలో తల్లీ బిడ్డా దక్కలేదు. వైద్యుడు వంటగదిలో బల్లకు చేరగిలబడి, చేతిలో కాఫీ కప్పుతో శూన్యంలోకి చూస్తున్నాడు. ఆ క్షణానికి ఈల ఎవరూ వేయరు. అక్కడే ఉన్నవానికి తప్ప అది అందదు. 1951లో దక్షిణ కరోలినాలో మాడ్ కాలెన్ అనే నల్లజాతి మంత్రసాని సేవను చిత్రించినప్పుడు పాఠకులు చలించి విరాళాలు పంపారు. ఆ ధనంతో ఆమెకు చికిత్సాలయం ఏర్పడింది.

మహనీయులకు కూడా దోషాలుంటాయి. 1954లో ఆల్బర్ట్ ష్వైట్జర్ చిత్రం ఒకదానిలో స్మిత్ వేరొక నెగటివు నుండి చేతిని, రంపపు పిడిని తెచ్చి కలిపాడు. అందంగానే ఉన్నది. కాని అది అక్కడ జరిగినది కాదు.

ఆయన చివరి పెద్ద కృషి జపాన్‌లోని మినమాటాలో జరిగింది. చిస్సో కర్మాగారం సముద్రంలోకి వదలిన పాదరసం చేపల ద్వారా మనుషులకు సోకి, గర్భస్థ శిశువులను సైతం వికలాంగులను చేసింది. 1971 నుండి స్మిత్, ఆయన భార్య ఐలీన్ అక్కడనే కాపురముండి పనిచేశారు. 1972 జనవరిలో కంపెనీ మనుషుల దెబ్బలకు ఆయన చూపు దెబ్బతిన్నది. జబ్బు బిడ్డను తల్లి స్నానం చేయిస్తున్న చిత్రం లోకమంతా తిరిగింది. ఆ బిడ్డ మరణించిన చాలాకాలానికి, 1998లో, ఇక ఆమెను విశ్రమించనివ్వాలన్న తల్లిదండ్రుల కోరికను మన్నించి ఐలీన్ ఆ చిత్రాన్ని ప్రచురణకు ఇవ్వడం ఆపివేశారు. లోకానికి మేలు చేసిన చిత్రం కూడా ఇంటివారికి భారం కావచ్చునన్నమాట. ఈ సంగతి చదివిననాడు మేము పుస్తకం మూసి చాలాసేపు ఊరకున్నాము. మాకు దానితో ఇంత త్వరలో పని పడుతుందని అప్పుడు తెలియదు.

మన దేశంలోనూ ఇట్టివారున్నారు. సునీల్ జానా కలకత్తాలో ఆంగ్ల సాహిత్య విద్యార్థిగా ఉండగా 1943 నాటి బెంగాల్ కరువును చిత్రించడానికి కదిలాడు. ఆయనను గూర్చి మరొకసారి.

మన విద్యార్థి మళ్ళీ బస్తీకి వెళ్ళాడు. రెండు వారాలు కెమెరా సంచిలోనే ఉన్నది. తడిపిన ఆకు కట్టలు మోశాడు, ఖాలా అని పిలిచి పక్కన కూర్చున్నాడు, లెక్కల పుస్తకంలో అంకెలు వ్రాసి పెట్టాడు. కట్టకు ఇరవై ఐదు, వేయి బీడీలకు నలభై కట్టలని, టేకేదారు ఏరి పారవేసినవాటికి కూలి రాదని తెలిసికొన్నాడు. ఆనాడు మొగం తిప్పుకొన్న ఆమె సంగతి కూడా బయటపడింది. ఆమె చుట్టే బీడీలు వేరొకరి కార్డు మీద జమ అవుతాయి. ఫోటో బయటికి పోతే ఆ పని కూడా పోతుందని ఆమె భయం. మొదటి మధ్యాహ్నపు చిత్రాలలో ఆమె ఎనిమిదింటిలో ఉన్నది. ఎనిమిదీ అతడే తుడిచివేశాడు.

రెండు నెలలలో నిలువదగినవి పన్నెండు వచ్చాయి. పన్నెండవది అన్నిటిలో గొప్పది. దీపపు వెలుతురులో ఒక బాలిక, ఒడిలో చాట, ఎదుట కడవకు ఆనించిన పాఠ్యపుస్తకం. కళ్ళు పుటమీద, వేళ్ళు ఆకుమీద. తీయడానికి తల్లి ఒప్పుకొన్నది, బాలిక కూడా కాదనలేదు. అచ్చు వేస్తామనగానే మాత్రం వద్దన్నది. ఆమె ఏదో ఒక కళాశాలలో చదువుతున్నది. ఏ కళాశాలో చెప్పము.

కమిటీ పెద్దలలో కొందరు ఆ చిత్రాన్ని ఈ సంచిక ముఖపత్రంగా వేయాలన్నారు. వారి వాదం తేలికగా త్రోసివేయదగినది కాదు. చదువు కోసం ఇంత శ్రమపడే బిడ్డను చూస్తే దాతలు ముందుకు వస్తారని, మాడ్ కాలెన్‌కు జరిగినది ఇక్కడ మాత్రం ఎందుకు జరగదని అన్నారు. మేము కూడా ఒక రాత్రి అటే మొగ్గినామని దాచము. చివరకు మా సహాధ్యాపకురాలిని పంపి మరొకసారి అడిగించాము. "ఫీజు కడుతూనే ఉన్నాను కదా మేడమ్, ఇక ఫోటో దేనికి?" అన్నదట ఆ బాలిక.

ఉర్దూ విభాగపు మిత్రులొకరు ఇదంతా విని, చిత్రం తీసినవాని సొత్తు కాదు, అమానత్ అన్నారు. తెలుగువారము దానిని న్యాసమంటాము. నమ్మి దాచిపెట్టమని ఇచ్చిన సొమ్ము. కాని అమానత్ అన్నప్పుడు రేపు జవాబు చెప్పుకోవాలనే భయం కూడా వినిపిస్తుంది, న్యాసంలో అది మాకు వినిపించదు.

ముఖపత్రంపై ఈ సంవత్సరం కూడా హాకీ చిత్రమే ఉన్నది. పన్నెండవ చిత్రం ప్రతి ఒకటి ఆ తల్లి చేతికి ఇచ్చి, తన వద్దనున్నదానిని విద్యార్థి తీసివేశాడు. చాలా బాధపడ్డాడు, మేము ఓదార్చలేదు. తక్కిన పదకొండు చిత్రాలు, అందులోనివారి సమ్మతితో, వార్షికోత్సవ దినాన గ్రంథాలయంలో ఉంచుతున్నాము. చిత్రాలలోని ఖాలాలను కూడా పిలిచాము. వారు మధ్యాహ్నం బీడీలు అప్పగించి వస్తారు గనుక మూడు గంటల తరువాత గ్రంథాలయం తలుపులు మూయవద్దని, కూర్చోవడానికి బెంచీలు వేయించవలెనని కమిటీవారిని కోరుతున్నాము.