కుక్కలకు బస: ముందు కార్డు చదవాలె

ఇంటిల్లిపాదీ పెండ్లికో, వేములవాడ రాజన్న దర్శనానికో పోతారు. పెంచుకున్న కుక్కను ఎవరు చూస్తారు? కరీంనగర్ వంటి పట్టణంలో అలాంటి కుక్కలను నాలుగు రోజులు ఉంచుకుని, రోజుకు ఇంత అని తీసుకోవచ్చు. ఇదొక ఉపాధి. కాని జాగ్రత్త కావాలె.

మొదట టీకా కార్డు చూడాలె. పిచ్చికుక్క కాటుతో రేబిస్ జబ్బు వస్తది. జబ్బు బయటపడ్డాక మనిషి బతకడం చాలా అరుదు. టీకాతో దాన్ని ఆపవచ్చు. కుక్కపిల్లకు 3 నెలలు నిండినంక మొదటి టీకా వేయించాలె. తర్వాత ఏటేటా వేయించాలె. కార్డు మీద తేదీ చదవండి. ఏడాది దాటితే ఆ కుక్కను తీసుకోవద్దు.

ఒక నోటుబుక్కు పెట్టండి. కుక్క పేరు, యజమాని ఫోను నంబరు, వచ్చిన తేదీ, పోయే తేదీ, తినే తిండి రాసుకోండి. సంతకం తీసుకోండి.

ఒక్కో కుక్కకు ఒక్కో గది ఉండాలె. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పుతూ వేడి తగ్గించుకుంటది. రామగుండం ఎండల్లో రేకుల కింద కట్టేస్తే ప్రాణం పోవచ్చు. నీడ, గాలి, నీళ్లు ఉండాలె. ఆదిలాబాద్ చలికి గోనెసంచి పరచాలె. ఉల్లిగడ్డ పెట్టొద్దు. వాంతులు, నెత్తురు విరేచనాలు అయితే విడిగా ఉంచి, పశువుల దవాఖానకు తీసుకుపోవాలె.

కుక్క కరిస్తే పసరు, కారం పెట్టొద్దు. కరిచిన చోట సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలె. అదే రోజు సర్కారు దవాఖానకు పోవాలె. డాక్టరు చెప్పిన సూదులన్నీ వేయించుకోవాలె.

మీ ఇంటి కుక్కకు టీకా ఎప్పుడు వేయించారు? తేదీ ఇక్కడ రాయండి: ..............