ఉన్న జీతమే చూపించండి

తెనాలి,
9 నవంబరు 2025.

చి.ల.సౌ. బుజ్జికి,

మీరు మియాపూర్ వైపు ఫ్లాటు చూసుకున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషించాను. పంజాగుట్టలో ఎవరో లోను ఏజెంటు అల్లుడుగారి ఆదాయం కాగితాలు ‘సెట్ చేసి పెడతాను’ అన్నాడని కూడా చెప్పింది. ఆ మాట విన్నప్పటినుంచి మనసు మనసులో లేదు. బ్యాంకు ఉద్యోగంలో ఎక్కువ కాలం ఆ పంజాగుట్టలోనే, లోన్ల టేబుల్ దగ్గర కూర్చున్నవాణ్ణి. నాకు తెలిసింది రాస్తున్నాను, ఇద్దరూ కలిసి చదవండి.

ముందు నీ కాగితాలు. నీది జీతం కాబట్టి పెద్ద చిక్కు లేదు. మూడు నెలల పే స్లిప్పులు, రెండేళ్ల ఫారం 16, జీతం పడే ఖాతాకు ఆరు నెలల స్టేట్‌మెంటు. చాలా బ్యాంకులు అడిగేవి ఇవే. వీటిని ఎలా చూస్తారో చెబుతాను విను. పే స్లిప్పులో చేతికి వచ్చేది 61,870 అని ఉంటే, ఆ నెల స్టేట్‌మెంటులో మీ కంపెనీ పేరుతో సరిగ్గా 61,870 జమ అయిందా అని వరస మీద వేలు పెట్టి చూస్తాం. ఒక్క రూపాయి తేడా ఉన్నా పక్కన పెన్సిలుతో గుర్తు పెడతాం. ఆ తర్వాత ఫారం 16లో మొదటి భాగం తీస్తాం. మూడు మూడు నెలలకు మీ కంపెనీ ఎంత పన్ను కోసి ప్రభుత్వానికి కట్టిందో అందులో ఉంటుంది. అదే అంకె నీ పేరు మీద జమైన పన్ను చూపే 26ఏఎస్‌లో కూడా ఉండాలి. నువ్వు పోయినేడు మధ్యలో కంపెనీ మారావు కాబట్టి ఆ ఏడాదికి రెండు ఫారం 16లు ఉంటాయి. పాత కంపెనీది మర్చిపోయి కొత్తదే ఇచ్చేవాళ్లు ఎంతమందో! అది కూడా తెప్పించుకో, పాత కంపెనీ రిలీవింగ్ లెటరుతో సహా.

మన తెలుగువాళ్లకు తరచూ వచ్చే తలనొప్పి ఒకటుంది, పేరు. కొందరికి పదో తరగతి మెమోలో ఇంటిపేరు మొదటి అక్షరమే ఉంటుంది. పాన్ కార్డులో ఇంటిపేరు మొత్తం చివర్న పడుతుంది. ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది, పెళ్లయ్యాక అమ్మాయిలకు అత్తగారింటి పేరు మొదలవుతుంది. మూడు కాగితాల మీద ముగ్గురు మనుషులున్నట్టు కనిపిస్తుంది. స్టాంపు పేపరు మీద అఫిడవిట్ రాయించి గండం గడుపుకోవచ్చుగానీ, రేపు రిజిస్ట్రేషన్ దగ్గర మళ్లీ ఇదే గొడవ. దరఖాస్తు ఇవ్వకముందే పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా మూడింట్లోనూ పేరు ఒకేలా దిద్దించుకో. ఇది నీకు నెల పట్టినా సరే, తొందరపడకు.

ఇక అల్లుడుగారి సంగతి. అమీర్‌పేటలో జావా చెప్పే మనిషికి నెల జీతమంటూ ఉండదు. బ్యాచి నిండితే 40 వేలు, నిండకపోతే 15 వేలు. ఇన్‌స్టిట్యూట్ ఇచ్చేది కొంత, శని, ఆదివారాల పిల్లలు ఫోన్‌పేలో వేసేది కొంత. అంతమాత్రాన అది ఆదాయం కాకుండా పోదు. పొద్దున ఏడింటికి బ్యాచి మొదలుపెట్టి రాత్రి దాకా గొంతు పోయేలా చెప్పి సంపాదించిన డబ్బు అది. బ్యాంకు దాన్ని పే స్లిప్పులో చూడదు, రిటర్నుల్లో చూస్తుంది. మూడేళ్ల ఐటీ రిటర్నులు, వాటి కంప్యుటేషన్, చార్టర్డ్ అకౌంటెంటు సంతకం చేసిన లాభనష్టాల పట్టిక, ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటు పెట్టుకోవాలి. ఆ సంతకం కింద అక్షరాలు, అంకెలు కలిపి 18 ఉండే యూడీఐఎన్ నంబరు ఉందో లేదో చూసుకోండి. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ వెబ్‌సైటులో ఆ నంబరు కొట్టి, సర్టిఫికెట్ నిజమైనదో కాదో బ్యాంకువాళ్లు అక్కడికక్కడే తేల్చుకుంటారు.

అల్లుడుగారు ఈ ఏడాది రిటర్ను ఇంకా వేయలేదని అమ్మ చెప్పింది. అసలు గడువు సెప్టెంబరు 16తో పోయింది. డిసెంబరు 31 లోపు ఆలస్య రుసుముతో వేయొచ్చు. ఆదాయం 5 లక్షల లోపైతే వెయ్యి, దాటితే 5 వేలు. వేశాక 30 రోజుల్లోపు ఈ-వెరిఫై చేయాలి. కొన్నేళ్ల రిటర్నులు ఒక్క వారంలో వేసి లోనుకు పట్టుకొచ్చినవాళ్లను మేం ఎప్పుడూ అనుమానంగానే చూసేవాళ్లం. అల్లుడుగారు గత రెండేళ్లూ వేళకు వేశారు కాబట్టి ఆ భయం లేదు.

మరి ఆ ఏజెంటు ఏం చేస్తానంటున్నాడు? ఏదో కన్సల్టెన్సీ పేరు మీద 60 వేల జీతమని పే స్లిప్పులు పుట్టిస్తాడట. ఆ జీతానికి పీఎఫ్ పాస్‌బుక్కులో జమ ఉండదు. 26ఏఎస్‌లో పన్ను కోత ఉండదు. ఫారం 16 కూడా పుట్టించినా, అందులోని పన్ను ప్రభుత్వ లెక్కలో ఎక్కడా కనపడదు. వెరిఫికేషన్ మనిషి ఆ ఆఫీసు అడ్రసుకు వెళ్తాడు, మీ ఇంటికీ వస్తాడు. దొరికితే లోను పోవడంతో ఆగదు. మోసం, దొంగ పత్రం సృష్టించడం, దాన్ని నిజమని చూపించడం, భారతీయ న్యాయ సంహితలో 318, 336, 340 సెక్షన్లు. దరఖాస్తు మీద సంతకాలు మీ ఇద్దరివి, ఏజెంటుది కాదు. రేపు నీ ఉద్యోగానికీ ముప్పే.

దొరకలేదనుకుందాం. అప్పుడు ఇంకా కష్టం. లెక్క వేసి చూడు. నీ 62 వేలు, ఆయన సగటు 25 వేలు కలిపి 87 వేలు. ఈఎంఐలన్నీ కలిపి చేతికొచ్చే దాంట్లో సగం దాటకూడదని మామూలుగా చూస్తాం. అంటే 43,500. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి, 20 ఏళ్లకు, 50 లక్షల లోనుకు ఈఎంఐ 43,391. సరిగ్గా మీకు సరిపోయే లోను అది. ఏజెంటు ఇప్పిస్తానన్న 70 లక్షలకు ఈఎంఐ 60,748. పుట్టించిన 60 వేల జీతం బ్యాంకులో పనికొస్తుందేమోగానీ, నెల ఐదో తారీఖున ఆ ఈఎంఐ కట్టాల్సింది మీ నిజమైన 87 వేల నుంచే. మిగిలేది 26 వేలు. అందులోనే పాలు, కరెంటు, మెట్రో చార్జీలు, ఊళ్లో ఉన్న అల్లుడుగారి అమ్మానాన్నల మందులు, ఇల్లు మారేదాకా అద్దె. ఆయన బ్యాచీ ఒక్క నెల నిండకపోతే మీ పరిస్థితి ఏమిటి?

కాబట్టి 50 లక్షల లోనుకు తగ్గ ఇల్లు చూసుకోండి. 30 నుంచి 75 లక్షల మధ్య లోనుకు బ్యాంకు ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. రిజిస్ట్రేషన్ ఖర్చు అందులో కలవదు, అది మీ చేతినుంచే. హైదరాబాదులో ఏడున్నర శాతం దాకా అవుతుంది. ఆ డబ్బు ఇప్పటినుంచే పక్కన పెట్టుకోండి.

ఇంకో చిన్న సంగతి. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల జెరాక్సు షాపుల్లో క్లాసు నోట్సులు దొంతర్లుగా ఉండేచోటే ఈ కాగితాలు కూడా ప్రింటు తీయిస్తారు కదా. పాన్, ఆధార్, స్టేట్‌మెంట్లు ఆ షాపు వాట్సాప్‌కు పంపి అలాగే వదిలేయకండి. దగ్గరుండి తీసేయించండి. బ్యాంకు ఒప్పుకునే చోట, చివరి నాలుగు అంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ప్రతి కాపీ మీదా ‘గృహరుణం కోసం’ అని బ్యాంకు పేరు, తేదీ రాసి సంతకం చేయండి. సిబిల్ రిపోర్టు ఏడాదికొకసారి ఉచితంగా వస్తుంది, ఇద్దరిదీ ముందే తెప్పించి చూసుకోండి. ఎప్పుడో తీర్చేసిన ఫోను ఈఎంఐ ఇంకా బాకీ అని కనపడడం మామూలే. దాన్ని సరిచేయించుకోండి.

మీకిద్దరికీ మంచి ఇల్లు కావాలని నాకూ ఉంది. మీ పెద్దమ్మ గృహప్రవేశానికి పట్టుచీర ఏది కట్టాలో కూడా ఇప్పుడే ఆలోచిస్తోంది. అందుకే అడుగుతున్నాను. రేపే ఆ ఏజెంటు దగ్గరికి వెళ్లి, మీరిచ్చిన కాగితాలన్నీ, సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు ఉంటే అవి కూడా, వెనక్కి తీసుకోండి. తర్వాత మీరిద్దరే నేరుగా మీ జీతం పడే బ్యాంకుకు వెళ్లి, ఉన్న ఆదాయం ఉన్నట్టు చెప్పండి.

ఇట్లు,
మీ పెదనాన్న