కనని తల్లికి స్తన్యము వచ్చునా?

దత్తత తీసికొన్న తల్లులు, తల్లి లేని బిడ్డను చేరదీసిన పెద్దమ్మలు, పిన్నమ్మలు, అద్దెగర్భము ద్వారా సంతానము పొందిన గృహిణులు వైద్యుని వద్దకు వచ్చి సంకోచముతో అడుగు ప్రశ్న ఒకటి కలదు: "నేను కనలేదు గదా, ఈ బిడ్డకు నా పాలు ఇయ్యగలనా?" ఈ మాట ఇంటిలో అడిగిన నవ్వుదురేమోయను భయముచే పలువురు అడుగకయే ఊరకుందురు.

సమాధానము ముందుగనే చెప్పెదను. శ్రద్ధతో సాధన చేసిన స్త్రీలలో చాలమందికి కొంత స్తన్యము వచ్చును. కొందరికి బిడ్డకు చాలినంత వచ్చును. కొందరికి చుక్కలు మాత్రమే వచ్చును. ఈ మూడింటిలో ఏది జరుగునో ముందుగా చెప్పుట కష్టము. కావున బిడ్డ ఆకలిని ఒక్క దినమైనను పణముగా పెట్టక సాధన చేయు విధానమును తెలిసికొనవలెను. ఈ పాఠము ఉద్దేశ్యము అదియే.

శాస్త్రము చెప్పిన మాట

ఆయుర్వేదమున స్తన్యము రసధాతువునకు ఉపధాతువు. అనగా తల్లి భుజించిన ఆహారము చక్కగా జీర్ణమై ఏర్పడిన రసము యొక్క ప్రసాదభాగమే స్తన్యము. సుశ్రుతాచార్యులు నిదానస్థానము పదవ అధ్యాయమున స్తన్యప్రవృత్తికి కారణములను చెప్పుచు, బిడ్డ స్పర్శ, బిడ్డను చూచుట, తలచుకొనుట, ఎత్తుకొనుట అనువానిని పేర్కొనిరి. ఎడతెగని స్నేహమే పాలు స్రవించుటకు హేతువని స్పష్టముగా చెప్పిరి. కోపము, శోకము, వాత్సల్యము లేకపోవుట స్తన్యనాశమునకు కారణములనియు శారీరస్థానమున తెలిపిరి.

చరకసంహిత సూత్రస్థానము నాల్గవ అధ్యాయమున స్తన్యజననములైన పది మూలికల వర్గము కలదు. శారీరస్థానమున బిడ్డకు పాలిచ్చు ధాత్రిని ఎన్నుకొను లక్షణములు కలవు. అయితే ధాత్రి యనగా తాను ప్రసవించి పాలు కలిగియున్న స్త్రీ. యశోదాదేవిని ఇచ్చట ఉదాహరణముగా చెప్పుట పరిపాటి. కాని భాగవతకథ ప్రకారము ఆమె ఆ రాత్రియే ఆడశిశువును ప్రసవించినది. ఆమెకు స్తన్యము సహజము. మన ప్రశ్న అంతకన్న కఠినమైనది.

దేహములో జరుగు క్రియ

ఆధునిక శరీరశాస్త్రము ఈ విషయమును ఇట్లు వివరించుచున్నది. బిడ్డ చనుమొనను చప్పరించినపుడు నాడుల ద్వారా ఆ వార్త మెదడునకు చేరును. మెదడు అడుగున గల పిట్యూటరీ గ్రంథి రెండు హార్మోనులను విడుదల చేయును. ప్రొలాక్టిన్ పాలను తయారుచేయించును. ఆక్సిటోసిన్ తయారైన పాలను చనుమొనవైపు నెట్టును. ఈ రెండవది బిడ్డ ఏడుపు విన్నను, బిడ్డను తలచుకొన్నను విడుదల కాగలదు. భయాందోళనలు దానికి ఆటంకము. సుశ్రుతుల స్పర్శ, దర్శన, స్మరణములను ఇచ్చట పాఠకులు గుర్తించగలరు.

ఈ గ్రంథి పనిచేయుటకు ప్రసవము తప్పనిసరి కాదు. అయితే గర్భధారణ కాలమున మరికొన్ని హార్మోనుల వలన స్తనములోని పాలగ్రంథులు వృద్ధినొందును. ఆ వృద్ధి ఎన్నడును జరుగని స్త్రీకి పాలు ఆలస్యముగా, తక్కువగా వచ్చుటకు కారణమిదియే. పూర్వము బిడ్డలకు పాలిచ్చిన స్త్రీకి సాధన సులభము.

బిడ్డ వయస్సు కూడ ముఖ్యము. రెండు మూడు నెలల లోపు శిశువు సులభముగా రొమ్ము పట్టును. మన దేశమున 2015 నాటి బాలల న్యాయచట్టము ప్రకారము బిడ్డను అప్పగించిన తల్లిదండ్రులకు పునరాలోచనకై రెండు నెలల గడువు కలదు. కనుక చట్టబద్ధముగా దత్తతకు వచ్చు బిడ్డ సాధారణముగా సీసాకు అలవాటుపడి యుండును. అట్టి బిడ్డ మొదట రొమ్మును నిరాకరించిన తల్లి నొచ్చుకొనరాదు. అది బిడ్డ అలవాటు మాత్రమే.

ఆరంభించుటకు ముందు

1. తల్లి రక్తపరీక్షలు చేయించుకొనవలెను. హెచ్.ఐ.వి. స్తన్యము ద్వారా బిడ్డకు సోకగలదు. రక్తహీనత, థైరాయిడ్, మధుమేహములను కూడ చూపించుకొనవలెను.
2. తాను నిత్యము వాడు మందుల చీటీని వైద్యునికి చూపవలెను.
3. పిల్లల వైద్యునితో మాట్లాడి, బిడ్డకు ఏ పాలు ఎంత పట్టవలెనో నిర్ణయించుకొనవలెను.
4. ఇంటిలోనివారి సహాయము కోరవలెను. మొదటి నెలలో ఆ తల్లికి వంట, చాకిరి తప్పించగలిగిన కుటుంబమే ఈ సాధనలో సగము.

సాధన క్రమము

బిడ్డ వచ్చు దినము ముందుగా తెలిసినచో కొన్ని వారముల ముందే ఆరంభించవచ్చును. దినమునకు ఎనిమిది సారులకు తక్కువ కాకుండ, ఒక్కొక్క స్తనమును పది పదిహేను నిమిషములు చేతితో మృదువుగా మర్దించి పిండవలెను, లేదా పాలు తీయు పంపును వాడవలెను. రాత్రి ఒక పర్యాయము తప్పక చేయవలెను. మర్దనకు గోరువెచ్చని నువ్వులనూనె మంచిది. చనుమొనకు మాత్రము తగులనీయరాదు.

బిడ్డ వచ్చిన పిదప బిడ్డ నోరే ప్రధాన సాధనము. పగలు, రాత్రి కలిపి ఎనిమిది నుండి పండ్రెండు పర్యాయములు రెండు వైపులను పట్టించవలెను. బిడ్డను వస్త్రములు లేకుండ తల్లి రొమ్ముపై ఆనించి పరుండబెట్టుకొన్నచో ఇద్దరికిని మేలు. మిక్కిలి ఆకలితో ఏడ్చు బిడ్డ ఖాళీ రొమ్మును పట్టదు. నిద్రమత్తులో నున్నపుడు, లేదా కొంచెము పాలు పట్టిన పిదప ప్రయత్నించవలెను.

పాలు లేని రొమ్మును బిడ్డ ఎంతసేపు చప్పరించును? ఇందుకు రెండు ఉపాయములు కలవు.

మొదటిది చుక్కల పద్ధతి. బిడ్డ రొమ్ము పట్టినపుడు మరొకరు ఉగ్గుగిన్నెతోనో, చెంచాతోనో పాలను రొమ్ము పైనుండి చుక్కలుగా జార్చవలెను. అవి చనుమొన మీదుగా బిడ్డ నోటిలో చేరును.

రెండవది గొట్టము పద్ధతి. శిశువులకు పాలు పట్టుటకు ఆసుపత్రులలో వాడు సన్నని గొట్టమును తీసికొని, ఒక కొనను పాలగిన్నెలో ఉంచి, రెండవ కొనను చనుమొన వెంట టేపుతో అంటించవలెను. బిడ్డ రొమ్మును చప్పరించినకొలది గిన్నెలోని పాలు వచ్చును, స్తనమునకును ప్రేరణ కలుగును. గిన్నెను పైకెత్తిన పాలు వేగముగాను, దించిన నెమ్మదిగాను వచ్చును. ఒక పర్యాయము పాలు పట్టుట సుమారు అరగంట సాగునట్లు ఎత్తు సరిచేసికొనవలెను. గొట్టమును వెంటనే సబ్బునీటితో, పిదప మరిగించిన నీటితో లోపల కూడ కడుగవలెను. మొదటిసారి నర్సు ఎదుట నేర్చుకొనుట క్షేమము.

పాలు కనిపించుటకు సాధారణముగా ఒకటి నుండి ఆరు వారములు పట్టును. ముర్రుపాలు రావు, వచ్చు పాలు మాత్రము గుణమున మామూలు తల్లిపాలను పోలియుండును.

బిడ్డకు చాలుచున్నదా?

ఈ భాగమును తల్లులు రెండు పర్యాయములు చదువవలెను. బిడ్డకు దినమునకు, శరీరపు బరువులో ప్రతి కిలోకు సుమారు 150 మిల్లీలీటర్ల పాలు అవసరము. నాలుగు కిలోల బిడ్డకు 600 మిల్లీలీటర్లు. స్తన్యము రాకముందు ఈ మొత్తమంతయు బయటి పాలుగా ఇచ్చి తీరవలెను. పాలు వచ్చుచున్న గుర్తులు కనిపించిన పిదప, దినమునకు మొత్తము మీద 50 మిల్లీలీటర్లు మాత్రమే తగ్గించి, కొన్ని దినములు ఆగి చూడవలెను.

బిడ్డ దినమునకు ఆరు పర్యాయములకు పైగా, లేతరంగుగా మూత్రము పోయుచుండవలెను. వారమునకు ఒకసారి తూచి, కనీసము 125 గ్రాములు పెరుగుచున్నదని రూఢిపరచుకొనవలెను. బరువు పెరుగనిచో తగ్గించిన పాలను వెంటనే తిరిగి ఇచ్చి వైద్యునికి చూపవలెను. మందకొడిగా పడియుండుట, మూత్రము తగ్గుట ప్రమాదసూచనలు.

ఆహారము, ఔషధము

రసధాతువు నుండి స్తన్యము పుట్టును గనుక తల్లి పస్తులు, పథ్యముల పేర కడుపు మాడ్చుకొనుట తగదు. బియ్యము, పాలు, నేయి, పెసరపప్పు, నువ్వులు, మునగాకు, సొరకాయ, వెల్లుల్లి చేర్చిన కూరలు హితము. కోస్తా జిల్లాలలో బాలింతలకు పెట్టు సొరచేప పుట్టును మాంసాహారులు భుజింపవచ్చును.

శతావరి, అనగా పిల్లిపీచర దుంప, స్తన్యవర్ధకములలో ప్రసిద్ధము. దాని చూర్ణమును 3 గ్రాములు, ఉదయము, రాత్రి గోరువెచ్చని పాలతో సేవించుట వాడుక. నేలగుమ్మడి దుంప కూడ ఇట్టిదే. అయితే ఉన్నమాట చెప్పవలెను. ప్రసవించిన తల్లులలో శతావరిపై జరిగిన పరీక్షలలో, 1996లో ప్రచురితమైనది లాభము కనబడలేదని తేల్చినది. 2011లో ప్రచురితమైనది ప్రొలాక్టిన్ పెరిగినదని తెల్పినది. కావున చూర్ణము మ్రింగి బిడ్డను రొమ్మునకు పట్టించని తల్లికి పాలు రావు. ఔషధము తోడు మాత్రమే. మెంతులు ఎక్కువ మోతాదులో రక్తములోని చక్కెరను తగ్గించును. మధుమేహమునకు మందులు వాడువారు వైద్యుని అడుగక వాడరాదు.

డోంపెరిడోన్ అను మాత్రను కొందరు ఇందుకై వాడుదురు. అది గుండె లయను చెరపగలదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో హెచ్చరించినది. మందులషాపులో అడిగి కొనుక్కొని వాడదగిన మాత్ర కాదు. హార్మోను మాత్రలును అట్టివే.

ఒక అనుభవము

చెల్లెలు కాన్పులో మరణించగా, ఆ ఇరువది దినముల ఆడబిడ్డను అక్క ఇంటికి తెచ్చుకొన్నది. ఆమె చిన్నకుమారునికి అప్పటికి తొమ్మిది సంవత్సరములు. "ఎండిన చెరువులో నీరెట్లు ఊరునమ్మా?" అని అత్తగారు పెదవి విరిచినారు. ఆమె మారుపలుకక బిడ్డను రొమ్మునకు పట్టించుచునే యుండెను. నాలుగవ దినమున ఆ అత్తగారే ఉగ్గుగిన్నె చేతబట్టి కోడలి ప్రక్కన కూర్చుండి చుక్కలు జార్చుట ఆరంభించినారు. పదకొండవ దినమున చనుమొన తడిసినది. రెండు నెలలకు బిడ్డ ఆహారములో సగము పెద్దమ్మ పాలే. మిగిలిన సగము కడవరకు బయటి పాలుగానే సాగినది. అన్నప్రాశన నాటికి బిడ్డ చక్కని బరువుతో నున్నది. సగమే వచ్చినదని ఆమె ఎన్నడును చింతింపలేదు.

చేయరాని పనులు

సంవత్సరము నిండని బిడ్డకు తేనె నాకించరాదు. దాని వలన బొటులిజమ్ అను ప్రాణాపాయకరమైన వ్యాధి కలుగవచ్చును. ఆవుపాలు, గేదెపాలు ప్రధానాహారముగా ఇయ్యరాదు. డబ్బాపాలను పొదుపునకై పలుచన చేయరాదు. తల్లికి చెప్పిన చూర్ణములను బిడ్డకు పట్టరాదు. పరీక్షలు లేకుండ ఇరుగుపొరుగు స్త్రీల పాలను పట్టించరాదు. తల్లిపాలే కావలెనన్నచో పరీక్షించి, వేడిచేసి శుద్ధిపరచిన పాలనిచ్చు తల్లిపాల బ్యాంకులు కలవు. మన దేశమున మొదటిది 1989లో ముంబయి సయన్ ఆసుపత్రిలో వెలసినది. ఆ పాలు ముందుగా నెలలు నిండని శిశువులకే కేటాయింపబడును గనుక విచారించి వెళ్లవలెను.

రెండు మూడు నెలలు సాధన చేసియు పాలు రాని తల్లులుందురు. అది వారి ప్రేమలోని లోపము కాదు, గ్రంథుల పరిమితి. అట్టి తల్లి బిడ్డను ఒడిలో చేర్చుకొని ఉగ్గుగిన్నెతో శుచిగా, వేళకు పాలు పట్టినచో బిడ్డ పుష్టిగా పెరుగును. సాధన ఎప్పుడు ఆపవలెనో నిర్ణయించు అధికారము ఆ తల్లిదే. ఇంటిలోనివారు అందులకు ఆమెను నిందింపరాదు.