విస్తారమైన మాటలు, తెలియని సంగతులు (ప్రసంగి 10:12-15)

ఈరోజు మన ధ్యానం ప్రసంగి 10వ అధ్యాయం, 12 నుండి 15 వచనాలు. బైబిల్ దగ్గర ఉంటే ముందు ఆ నాలుగు వచనాలు చదవండి.

చదివారా? బుద్ధిహీనుని మాట మూర్ఖత్వంతో మొదలై వెర్రితనంతో ముగుస్తుందని అక్కడ ఉంది. అయితే 14వ వచనం దగ్గర కాస్త ఆగుదాం. అతడు చాలా మాట్లాడతాడని చెప్పి, మనిషికి రాబోయేది తెలియదని కూడా ప్రసంగి అక్కడే అంటున్నాడు. ఈ రెండూ ఒకే వచనంలో ఎందుకున్నాయి? సమస్య ఎక్కువ మాట్లాడటం ఒక్కటే కాదు గనుక. తెలియనిదాన్ని తెలిసినట్టు మాట్లాడటం అసలు సమస్య. తర్వాతి వచనం చదివితే నాకు నవ్వొస్తుంది. ఊరికి పోయే దారి కూడా ఎరగడట ఆయన!

"ఇది నా గురించి కాదులే" అనుకున్నాను నేను కూడా. కొన్నేళ్ళ క్రితం మా సంఘంలో ఒక తల్లి, చేతికొచ్చిన కొడుకును పోగొట్టుకుంది. ఆదరించడానికి వెళ్ళాను. ఊరికే కూర్చోవడం నాకు చేతకాలేదు. యెషయా 57:1 నోటికి వచ్చు కదా, "అమ్మా, రాబోయే ఏదో కీడు నుండి తప్పించడానికే దేవుడు బాబును తీసుకున్నాడు" అన్నాను. ఆమె తలెత్తి చూసి, "అది మీకెలా తెలుసు అయ్యగారూ?" అంది. కోపంతో కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఇంటికొచ్చి యోబు గ్రంథం తీశాను. ఎలీఫజు, బిల్దదు, జోఫరు బుద్ధిలేనివాళ్ళేం కాదు. యోబు బాధ చూసి ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నేలమీద మౌనంగా కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచి పని అదే. తర్వాత నోరు తెరిచారు. పిల్లల్ని పోగొట్టుకున్న తండ్రితో బిల్దదు, నీ పిల్లలు పాపం చేశారేమో, అందుకే ఇలా జరిగింది అన్నట్టు మాట్లాడాడు (8:4). ఎంత మాట! ఇక జోఫరైతే 11వ అధ్యాయంలో దేవుని లోతు మనిషికి అందదని చక్కగా ప్రసంగించాడు. కానీ దానికి ముందు వచనంలోనే, నీ పాపానికి రావాల్సినదానికంటే తక్కువే నీకు వచ్చిందని యోబుతో అన్నాడు. దేవుని లోతు అందనివాడికి దేవుని లెక్క ఎలా అందింది?

మొదటి అధ్యాయంలో పరలోకంలో జరిగిన సంభాషణ మనం చదువుతాం గానీ, వాళ్ళు చదవలేదు. యోబుకు కూడా దేవుడు అది చెప్పినట్టు ఎక్కడా కనబడదు. 38వ అధ్యాయం నుండి ఎక్కువగా ప్రశ్నలే అడిగాడు. భూమికి పునాదులు వేసినప్పుడు నువ్వెక్కడున్నావు అన్నాడు. యోబు చేత్తో నోరు మూసుకున్నాడు (40:4). వాక్యాలు బాగా తెలిసిన మనకు ఈ చెయ్యి నోటిమీదికి త్వరగా రాదు, నిజం చెప్పాలంటే.

42వ అధ్యాయంలో దేవుడు ఆ ముగ్గురిమీద కోపపడ్డాడు. తనను గూర్చి వాళ్ళు సరిగ్గా మాట్లాడలేదన్నాడు. ఏడు ఎడ్లు, ఏడు పొట్టేళ్ళు తీసుకుని యోబు దగ్గరకే వెళ్ళమన్నాడు. ఎవరిని మాటలతో పొడిచారో, ఆ మనిషే వాళ్ళకోసం ప్రార్థన చేయాలి.

అది చదివాక ఆ తల్లి దగ్గరకు మళ్ళీ వెళ్ళాను. "నాకు తెలియదమ్మా, ఆరోజు తెలిసినట్టు మాట్లాడాను, క్షమించు" అన్నాను. ఆమె చాలాసేపు కొడుకు గురించి చెప్పింది, నేను విన్నాను. లేచేటప్పుడు ప్రార్థన నేను మొదలుపెట్టబోతే, "ఈరోజు నేను చేస్తాను అయ్యగారూ" అని నా కోసం ఆమే చేసింది.