కొల్లేటి లంకలో బడి చెప్పే మేనకోడలికి

తాడేపల్లిగూడెం,
ఆదివారం.



నీ ఉత్తరం అందింది. ఫోనులో రెండు ముక్కలు చెప్పి ఊరుకోకుండా కూర్చుని నాలుగు పేజీలు రాశావంటే ఆ పిల్లలు నీ మనసులో ఎంతగా మెదులుతున్నారో తెలుస్తూనే ఉంది. 2025 మెగా డీఎస్సీలో 16,347 టీచరు పోస్టులు తీస్తే అందులో ఒకటి నీకొచ్చిందని మురిసిపోయిన మీ నాన్న, అది కొల్లేటి లంకలో అనేసరికి ముఖం చిన్నబుచ్చుకున్నాడు. నేను మాత్రం మంచి చోటే పడ్డావనుకున్నాను. ఏలూరు టౌన్లో తరగతికో టీచరున్న బడిలో పదేళ్లకు తెలిసొచ్చేది, ఇద్దరే టీచర్లున్న లంక బడిలో ఒక్క ఏడాదికే తెలుస్తుంది.

మూడో తరగతిలో ఒకడు పుస్తకం ముక్కుకి ఆనించి చూస్తాడని, బోర్డు మీదది ఎత్తిరాయడని రాశావు. ఒక పిల్ల పిలిస్తే తిరగదు, చెవిలో చీము కారుతోందన్నావు. ఇంకొకడు కబుర్లు గలగలా చెబుతాడు గాని మ కి, య కి తేడా పోల్చుకోలేడు. ఇక చివర్లో, మాటవరసకి అన్నట్టు, పది రోజులు వచ్చి నెల్లాళ్లు కనపడకుండా పోయే అన్నాచెల్లెళ్ల సంగతి రాశావు. అమ్మానాన్నలు చేపల చెరువు కాపలాకి వెళితే వాళ్లూ వెంట పోతారు. నన్నడిగితే ఈ చివరి ఇద్దరూ కూడా మొదటి ముగ్గురి వరసలోవాళ్లే. బడి తీరు వాళ్ల బతుకు తీరుకి పడకపోవడమే అందరి ఇబ్బందీను.

"వీళ్ల కోసం విడిగా ఏం చెయ్యాలత్తా?" అనడిగావు. విడిగా అన్న దగ్గర మొదలుపెట్టకు. పాఠం 'మామూలు' పిల్లల కోసం తయారుచేసుకుని, తర్వాత మిగిలినవాళ్లకి అతుకులు వేద్దామంటే రోజంతా కూర్చున్నా తెమలదు. పైగా అతుకు పడ్డ పిల్లాడికి 'నువ్వు వేరు' అని రోజూ గుర్తుచేసినట్టవుతుంది. పాఠం రాసుకునే రాత్రే తరగతి మొత్తం కళ్లముందుండాలి. ప్రతి పాఠానికీ ముందు ఒక్కటే ప్రశ్న వేసుకో: ఈ పీరియడ్ అయ్యేసరికి వీళ్లకి కచ్చితంగా ఏం వచ్చి తీరాలి? అది దొరికాక దాన్ని గట్టిగా పట్టుకో. మిగతాదంతా వదులుగా ఉంచు. కళ్లతో చూసి నేర్చుకుంటారో, చేత్తో తడిమి నేర్చుకుంటారో, నోటితో చెబుతారో, పలక మీద రాస్తారో, అందులో పట్టుదలకి పోకు.

రేపు 52లోంచి 27 తీసివెయ్యడం చెబుతావనుకో. రావలసిందేమిటి? రెండులోంచి ఏడు పోనప్పుడు పక్కనున్న పదిని విప్పుకోవాలన్న తెలివి. బోర్డు మీద ఐదు కొట్టేసి నాలుగు వెయ్యడం ఆ తెలివికి ఒక గుర్తు, అంతే. కొబ్బరి ఈనెలు తెప్పించు. పదేసి ఒక కట్టగా రబ్బరు బ్యాండు వెయ్యి. ఒక్కో గుంపు ముందు ఐదు కట్టలూ రెండు విడి ఈనెలూ పెట్టి, ఇరవై ఏడు తియ్యమను. రెండు కట్టలు పక్కన పెట్టేస్తారు. ఏడు విడివి కావాల్సి వచ్చేసరికి చేతులు ఆగిపోతాయి. అప్పుడు నువ్వేం చెప్పకు. కాసేపు తంటాలు పడనీ. ఎవరో ఒకరు రబ్బరు బ్యాండు లాగుతారు. పాఠం అంతా ఆ లాగడంలోనే ఉంది.

చూపు ఆననివాడి వేళ్లకి కట్టకీ విడి ఈనెకీ తేడా తెలుస్తుంది. వినపడని పిల్లకి జరిగేదంతా కళ్లముందే జరుగుతోంది. అక్షరాలు తడబడేవాడు "ఇరవై ఐదు మిగిలాయి టీచర్" అని అందరికంటే ముందు అరుస్తాడేమో. కాటా దగ్గర నాన్న పక్కన నిలబడి చేపల లెక్క చూసిన పిల్లలు నెల తర్వాత వచ్చినా ఇందులో వెనకబడరు. గబగబా చేసేసి కిటికీలోంచి చూసే పిల్లకి కట్టలిచ్చి, నూరులోంచి ముప్పై ఎనిమిది ఎలా తీస్తావో చూపించమను. చెప్పినా, చూపినా, రాసినా మార్కు ఒకటే. రాత అక్కర్లేదని కాదమ్మా. రాత పీరియడ్‌లో రాతని చూడు, తీసివేత పీరియడ్‌లో తీసివేతనే చూడు.

ఈ రెంటినీ కలిపేస్తే ఏమవుతుందో తెలియాలంటే శ్రీకాంత్ బొల్లా కథ గుర్తుతెచ్చుకో. 2024లో సినిమా కూడా వచ్చిందిగా. మీ కొల్లేటికి ఎంతో దూరం లేని మచిలీపట్నం దగ్గర పల్లెలో చూపు లేకుండా పుట్టారాయన. ఊళ్లో బడిలో వెనక బెంచీలో కూర్చోబెట్టి వదిలేశారని తర్వాత ఆయనే చెప్పుకున్నారు. పదో తరగతి అయ్యాక సైన్సు తీసుకుంటానంటే, బొమ్మలూ గ్రాఫులూ చూపు లేనివాళ్లకి కుదరవని అడ్డుపెట్టారు. కోర్టుకెక్కి గెలిచి, పాఠాలు ఆడియోలో విని, 98 శాతం మార్కులు తెచ్చుకున్నారు. అమెరికాలో ఎంఐటీలో చదివి వచ్చి 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. సైన్సు అర్థం చేసుకోవడం వేరు, బొమ్మ కంటితో చూడటం వేరు. ఆ తేడా తేలడానికి ఒక పిల్లాడు కోర్టు మెట్లెక్కాల్సి వచ్చిందన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు. నీ క్లాసులో కూర్చున్నవాడికి ఆ గతి పట్టకూడదు.

మొదటే అందరి కోసం తయారుచేసుకోవాలన్న ఈ ఆలోచన వెనక పెద్ద చరిత్రే ఉంది. అమెరికాలో రోనాల్డ్ మేస్ అనే ఆర్కిటెక్టు చిన్నప్పుడే పోలియో వచ్చి చక్రాల కుర్చీలో తిరిగేవాడు. కట్టడం అయ్యాక మార్పులు చెయ్యడం కాదు, కట్టేటప్పుడే అందరికీ పనికొచ్చేలా కట్టాలని ఆయన వాదన. 1984లో మొదలైన కాస్ట్ అనే సంస్థ అదే సూత్రాన్ని పాఠాలకి పట్టించింది. మన బడిలో ర్యాంపే చూడు. చక్రాల కుర్చీ కోసమని కట్టారు. అన్నం గిన్నె మోసుకొచ్చే ఆయమ్మలూ దాని మీదుగానే వస్తారు, ఎన్నికల రోజున ముసలమ్మలూ దాని మీదుగానే ఎక్కుతారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో కూడా అందరికీ పనికొచ్చేలా కట్టాలన్న ఈ మాట ఉంది. పాత 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తిస్తే, ఇది 21 గుర్తించింది. నీ మ, య పిల్లాడి ఇబ్బంది లాంటివీ ఇప్పుడు అందులో ఉన్నాయి. అంటే వాణ్ణి మొద్దు అనడానికి ఇక ఎవరికీ అధికారం లేదు.

ఇక బోర్డు సంగతి. మనలో చాలామంది బోర్డు వైపు తిరిగి రాస్తూనే మాట్లాడతాం. పెదవులు చూసి పోల్చుకునే పిల్లకి అప్పుడు సగం పాఠం పోయినట్టే. "ఇది చూడండి, దీని కిందది ఇలా వస్తుంది" అంటే బోర్డు కనపడనివాడికి 'ఇది' ఏదో తెలియదు. కాబట్టి ముందు మాట్లాడకుండా రాసెయ్యి, తర్వాత పిల్లల వైపు తిరిగి, రాసినదంతా పైకి చదువు. 'ఇది' అనకుండా "రెండో వరసలో మూడో అంకె" అను. ఈ ఒక్క అలవాటు ఇద్దరికీ పనికొస్తుంది, మిగిలినవాళ్లకి మరోసారి విన్నట్టూ ఉంటుంది. ఆకుపచ్చ బోర్డు మీద ఎర్ర సుద్ద వాడకు. మగపిల్లల్లో ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లు అక్కడక్కడా ఉంటారు, వాళ్లు ఎవరితోనూ చెప్పరు. స్మార్ట్ టీవీలో వీడియో వేస్తే మధ్యమధ్య ఆపి నాలుగు ముఖ్యమైన మాటలు బోర్డు మీద పెట్టు.

వర్కుషీట్ల గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. తెలుగు అక్షరానికి అసలు పని గుడిలోను, ఒత్తులోను, చిన్న చిన్న తోకల్లోను ఉంటుంది. ఇంగ్లిషు సైజులోనే తెలుగు అచ్చేస్తే ఒత్తు వెళ్లి కింది లైను తలకట్టుకి తగులుకుంటుంది. చూపు తక్కువైనవాడికి అదంతా ఒక మరక. అక్షరం 18 పాయింట్లకి తగ్గనివ్వకు, లైనుకీ లైనుకీ మధ్య ఒకటిన్నర ఖాళీ ఉంచు. బోల్డు చెయ్యకు, ఒత్తుల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. మనవాళ్లు లైను చివర చోటు లేకపోతే మాటని ఎక్కడంటే అక్కడ విరిచి కిందకి తెస్తారు. నీకూ నాకూ అది కనపడదు, కూడబలుక్కునే పిల్లాడికి అక్కడే మాట తప్పిపోతుంది. మాట మొత్తాన్ని కింది లైనుకి దించెయ్యమని డీటీపీ కుర్రాడికి చెప్పు. జెరాక్సు మీద జెరాక్సు తీసిన కాగితం మాత్రం ఎవరికీ ఇవ్వకు.

ఇంకో మాట. మన డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అను ఫాంట్లలో కొడతారు. కాగితం మీద ముచ్చటగా ఉంటుంది. కానీ ఆ ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల మీద తెలుగు ఆకారాలు తొడిగినవి. చూపు లేని విద్యార్థి ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్‌తో ఆ ఫైలు తెరిస్తే తెలుగు వినపడదు, పొంతన లేని అక్షరాలూ గుర్తులూ వినపడతాయి. అదే యూనికోడ్‌లో కొడితే ఫోను కూడా చక్కగా చదివి పెడుతుంది. మూడో తరగతికి ఇదంతా ఎందుకంటావా? మండలంలో నీ వర్కుషీట్లు పది బడులకి తిరుగుతాయి. ఏ బడిలో ఎవరున్నారో నీకు తెలియదు.

నెల్లాళ్లు మానేసే పిల్లల విషయంలో మదనపల్లె వైపు రిషి వ్యాలీ వాళ్లు చేసిన పని తెలుసుకో. 1980ల నుంచి ఆ చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బడులు పెట్టి, పుస్తకాన్ని ముక్కలు చేసి కార్డులుగా మార్చారు. గోడ మీద నిచ్చెన బొమ్మ. ఏ మెట్టుకి ఏ కార్డో గుర్తులు. పిల్లాడు వస్తూనే తన మెట్టు వెతుక్కుని, తన కార్డు తీసుకుని కూర్చుంటాడు. కొందరు టీచరు దగ్గర, కొందరు జోడీలుగా, కొందరు తమంతట తాము. మానేసి వచ్చినవాడు తరగతి వెనకాల పరుగెత్తక్కర్లేదు, ఆపిన మెట్టు దగ్గరే మళ్లీ ఎక్కుతాడు. 1995లో కర్ణాటకలో మొదలైన 'నలి-కలి' బోధన పద్ధతికి ఇదే ప్రేరణ. వరదలప్పుడూ ఈ నిచ్చెనే అక్కరకొస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి నీళ్లన్నీ కొల్లేట్లోకి దిగితే, ఏలూరు-కైకలూరు రోడ్డు మీద కూడా రాకపోకలు ఆగిపోయాయి. నీ లంకకి అలాంటి రోజులు మళ్లీ వస్తాయి. నిచ్చెన గోడ మీద ఉంటే బడి ఎక్కడ ఆగిందో పిల్లలకే తెలుస్తుంది. అన్ని పాఠాలకీ ఒక్కసారే చెయ్యబోకు. ఈ ఏడాదికి లెక్కల్లో ఒక్క తీసివేతకే చెయ్యి.

చేపలు పట్టే వడ్డిపేటల పిల్లల మాట 'మోటు' అని మీ బడిలో ఎవరో అన్నారని రాశావు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకి వాళ్ల భాషలోనే బడి నడిపించారు. నువ్వు కొత్త భాషేమీ నేర్వక్కర్లేదు, వాళ్ల వలల పేర్లూ చేపల పేర్లూ నేర్చుకుంటే చాలు. బొచ్చె, శీలావతి, కొర్రమీను అని బోర్డు మీద పడిన రోజున నీ మ, య పిల్లాడు బోర్డు వంక ఎలా చూస్తాడో గమనించు.

ఇక ఆఫీసు పని. మండలంలో భవిత కేంద్రం ఉంటుంది, సహిత విద్య రిసోర్స్ పర్సన్లు అక్కడే దొరుకుతారు. ఈ వారంలోనే వెళ్లి ముగ్గురి సంగతీ చెప్పు. ఆ కేంద్రాన్ని పిల్లల్ని అప్పగించే చోటుగా చూడకు, అక్కడివాళ్లని నీ పాఠం చూసి సలహా చెప్పేవాళ్లుగా చూడు. చెవి పిల్లని ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చూపించాలి. చీము కారుతూ ఉంటే వినికిడి తగ్గిపోతుంది, ముందే చూపిస్తే చాలాసార్లు నయమవుతుంది. పిల్లల ఆరోగ్యం పరీక్షించే ఆర్‌బీఎస్‌కే వైద్యబృందం బడికి ఎప్పుడొస్తుందో పీహెచ్‌సీలో కనుక్కో. అంతదాకా ఆగేలా లేకపోతే తల్లితో మాట్లాడి ఏలూరు పెద్దాసుపత్రికి పంపు. కళ్లజోడు వస్తే సరిపోయే పిల్లాణ్ణి వైకల్య సర్టిఫికెట్టిచ్చే సదరం క్యాంపుల చుట్టూ తిప్పకు. ముందు కంటి పరీక్ష అవనీ. వైకల్యం నిజంగా 40 శాతం దాటితే అప్పుడు సర్టిఫికెట్టు పెట్టించు, దాంతో రావలసిన సాయాలన్నీ వస్తాయి. అంతవరకు ముందు బెంచీ, పెద్ద అక్షరాలు, నోటితో జవాబు, వీటికి ఏ సంతకమూ అక్కర్లేదు.

తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు ఒక్కటి చూసుకో. లోపం పేరుతో మొదలుపెట్టకు. "మీవాడు నోటిలెక్క బాగా చేస్తున్నాడమ్మా, దగ్గరగా పెట్టుకుని చదువుతున్నాడు, ఒకసారి కళ్లు చూపిద్దాం" అను. ఆ తల్లి తెల్లారుజామున వలకి వెళ్లి వచ్చి నీ ముందు నిలబడి ఉంటుంది. కూర్చోమని చెప్పి మాట్లాడు.

మీ బాబాయి గురువారం ఉల్లి మార్కెట్ పని చూసుకుని ఏలూరు వస్తానన్నాడు. ఈనెల కట్టలు యాభై, గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాల పెట్టె ఒకటి పంపుతున్నాను. పాత బస్టాండులో అందుకో. ఆ పెట్టెలో మ, య లు రెండేసి ఉన్నాయి. వేలితో దిద్దిస్తూ ఆ పిల్లాడికి ఏ వంపు దగ్గర తేడా అందుతోందో చూసి నాకు రాయి. భవిత కేంద్రంలో వాళ్లేమన్నారో కూడా రాయి.

ఆశీస్సులతో,
మీ అత్త.